ఒట్టు వెంట వైద్యమూ నడవాలి

మంగళ, శుక్రవారాలలో ఉదయపు అర్చన ముగిసి తీర్థప్రసాదాలు పంచే వేళకు పాతబస్తీలోని ఏ అమ్మవారి ఆలయానికి వెళ్ళినా మండపంలో ఒక మూల ఈ దృశ్యం కనిపిస్తుంది. కొంగు తలమీదుగా కప్పుకొని ఒక ఇల్లాలు నిలబడి ఉంటుంది. ఆమె ప్రక్కన తల వంచుకొని భర్తయో, కొడుకో ఉంటాడు. కన్నులు ఎర్రబడి, చేతులు సన్నగా వణుకుతుంటాయి. అర్చకుడు దగ్గరకు రాగానే ఆమె అడిగేది ఒక్కటే. "అయ్యగారూ, ఈయనతోని అమ్మవారి ముంగట ఒట్టు పెట్టియ్యుండ్రి. ఇగ తాగనని చెప్పమనుండ్రి."

లాల్‌దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడ, షాలిబండ ప్రాంతాలలో ఇటువంటి ఇల్లు లేని వీధి అరుదు. మద్యం, కల్లు, గంజాయి, నిద్రమాత్రలు, దగ్గుమందు. పేరు ఏదైనా ఇంటిలో దీపం ఆర్పేది అదే. నేనూ ఎన్నో ఏండ్లు అడిగిన వారందరిచేతా ఒట్టు పెట్టించాను. అరచేతిలో కుంకుమ ఉంచి, కర్పూర హారతి చూపించి, మాట తీసుకున్నాను. ఇప్పుడు ఆ పని ఒంటిగా చేయడం మానుకున్నాను. ఎందుకు మానుకున్నానో పాఠకులకు విన్నవించుకోవడానికే ఈ వ్యాసం.

నిలబెట్టుకున్న ఒట్టు

కొన్నేళ్ళ క్రిందట బోనాలు ముగిసిన తరువాత ఒక శుక్రవారం ఉదయం ఒక ఆటో డ్రైవరును ఆయన భార్య ఆలయానికి తీసుకువచ్చింది. పదిహేనేండ్లుగా నిద్ర లేచింది మొదలు తాగే మనిషి. ఆయన అమ్మవారి ముందు కన్నీళ్ళతో ప్రమాణం చేశాడు. నేను ఆశీర్వదించి పంపించాను.

ఆయన మాట తప్పలేదు. ఆ విషయం పాఠకులు గుర్తుంచుకోవాలి. శుక్రవారం గాని, శనివారం గాని ఒక్క చుక్క ముట్టలేదు. శనివారం ఉదయానికే చేతుల వణుకు పెరిగింది, ఒళ్ళంతా చెమటలు పట్టాయి. సాయంకాలానికి ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఇంటివారు గాలి సోకిందనుకున్నారు. ఆదివారం నాటికి గోడలపై చీమలు బారులు తీరుతున్నాయని కేకలు వేయసాగాడు, ఎదుట లేనివారితో మాట్లాడసాగాడు. ఇద్దరు పట్టుకొని ఆలయానికి తెచ్చారు. నేను విభూతి పెట్టాను. రక్షతోరం కట్టాను. అమ్మవారు పరీక్షిస్తున్నది, రెండు రోజులు ఓర్చుకోండి అని చెప్పాను.

నా మాట విని వారు ఇంటికి మరలి ఉంటే ఏమి జరిగేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ కేకలు విని వీధి చివర మందుల దుకాణం నడిపే ఒక ముస్లిం పెద్దమనిషి గుడి మెట్ల దగ్గరకు వచ్చాడు. ఆయన అడిగినది ఒకే ప్రశ్న. "తాగుడు బంద్ చేసి ఎన్ని రోజులైంది?" మూడో రోజని చెప్పారు. "పంతులు సాబ్, ఇది గాలి కాదు. ఒక్కసారి బంద్ చేసినందుకు ఇట్లయింది. జల్ది దవాఖానకు తీస్కపోండ్రి" అని తానే ఆటో పిలిచి ఎక్కించాడు.

ఆ మనిషి బ్రతికాడు. మరునాడు నేను ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అక్కడి వైద్యుడు, దీర్ఘకాలం తాగినవారు హఠాత్తుగా మానితే ప్రాణాపాయం కలుగవచ్చునని నాకు ఓర్పుతో వివరించాడు. అంతవరకు తాగితే ప్రాణం పోతుందని మాత్రమే ఎరుగుదును. మానినందువల్ల కూడా పోగలదని వేదం చదివిన నాకు ఆ రోజే తెలిసింది.

దేహంలో జరిగేది

మద్యం మెదడును మందగింపజేస్తుంది. ప్రతిరోజూ మద్యం పడుతుంటే, ఆ మందగింపును ఎదుర్కొని మేలుకొని ఉండటానికి మెదడు తన వేగాన్ని పెంచుకుంటుంది. ఒకనాడు మద్యాన్ని ఉన్నపళంగా ఆపివేస్తే, పగ్గం తెగిన గుర్రంలా ఆ వేగం ఒక్కటే మిగిలిపోతుంది. చివరిసారి తాగిన 6 నుండి 24 గంటలలో వణుకు, చెమట, గుండెదడ, నిద్రలేమి మొదలవుతాయి. 48 గంటలలోగా కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు, మూడు రోజులు గడిచేసరికి మరికొందరిలో మతిభ్రమణం కలిగి, లేనివి కనిపించడం, వినిపించడం జరుగుతుంది. తగిన చికిత్స అందకపోతే ఈ దశలో మరణం సంభవించవచ్చు. దీనినే మనం గాలి అనీ, పూనకం అనీ, శాపం అనీ పేరు పెట్టి విలువైన గంటలను పోగొట్టుకుంటున్నాము.

కల్తీ కల్లు విషయంలోనూ ఇదే ప్రమాదం ఉన్నది. తాటి, ఈత చెట్ల నుండి దిగే కల్లు సరిపోక, దానిలో అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపి అమ్మడం తెలంగాణలో ఏండ్ల తరబడి సాగుతున్న పాపం. 2015లో అధికారులు దాడులు జరిపి కల్తీని అరికట్టినప్పుడు నిజామాబాదు వంటి జిల్లాలలో ఎందరో ఫిట్స్‌తో, మతిభ్రమణంతో ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. మొదటిది దొరకక కలిగిన ఆపద, రెండవది దొరికి కలిగిన ఆపద. రెండింటికీ మూలం ఒక్కటే.

మన గ్రంథాలు చూపిన దారి

"తాగుడు పాపం కదా, దానికి మందులేమిటి?" అని పెద్దలు కొందరు అడుగుతారు. సురాపానాన్ని పంచ మహాపాతకాలలో చేర్చినది మన ధర్మశాస్త్రమే. శుక్రాచార్యుడు సురతో కలిపి ఇచ్చిన కచుని భస్మాన్ని తెలియక త్రాగి, పిమ్మట సురను శపించిన కథను మహాభారతం ఆదిపర్వంలో చదువుకున్నాము. ఆ నిషేధాన్ని నేను సడలించబోవడం లేదు.

అయితే ఋగ్వేదం ఏడవ మండలంలోని 86వ సూక్తాన్ని గమనించండి. వసిష్ఠ మహర్షి వరుణదేవుని ఎదుట నిలిచి తన దోషాన్ని విచారించుకుంటాడు. మనిషి తప్పు చేయడానికి అతని సంకల్పం ఒక్కటే కారణం కాదని, సుర, క్రోధం, జూదం, అవివేకం అతనిని ఈడ్చుకుపోతాయని ఆ మహర్షి దర్శించాడు. పదవ మండలంలోని 34వ సూక్తం ఒక జూదరి గోడు. ఇక పోనని నిశ్చయించుకుంటాడు. పాచికల చప్పుడు వినగానే మళ్ళీ పోతాడు. అత్త ద్వేషిస్తుంది, భార్య దూరమవుతుంది, తల్లిదండ్రులు, సోదరులు ఇతడెవరో మాకు తెలియదంటారు. పేరు జూదమే గాని, అది వ్యసనగ్రస్తుని పూర్తి స్వరూపం. ఇంతకాలమూ ఆ సూక్తాన్ని స్వరం తప్పకుండా వల్లించిన నేను, దానిలోని మనిషి నా మండపంలోనే నిలబడి ఉన్నాడని గుర్తించలేకపోయాను. ఆ సూక్తం అతనిని శపించి ముగియదు. పొలం దున్నుకో, ఉన్నదానితో తృప్తిపడు, నీ గోవులు అక్కడున్నాయి, నీ భార్య అక్కడున్నది అని దారి చూపుతుంది.

ఇక ఆయుర్వేదం. చరక సంహితలోని చికిత్సాస్థానంలో 24వ అధ్యాయం పేరే మదాత్యయ చికిత్స. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో పానాత్యయానికి ఒక అధ్యాయం కేటాయించాడు. అంటే మద్యం వల్ల కలిగే వికారాన్ని రోగంగా గుర్తించి, దానికి వైద్యం ఉన్నదని మన పూర్వులే నిర్ణయించారు. చరకుని సూత్రస్థానం ఏడవ అధ్యాయం మరొక సూక్ష్మం చెబుతుంది. అలవాటైన అహితాన్ని ఒక్కసారిగా గాక పాదం పాదంగా, క్రమంగా విడిచిపెట్టాలి. ఆ శుక్రవారం నేను చేయించిన ఒట్టు ఈ సూత్రానికే విరుద్ధం. దీనిని విని ఎవరూ ఇంట్లోనే రోజుకింత అని కొలిచి పోయరాదు. ఆ క్రమాన్ని నిర్ణయించవలసినవాడు వైద్యుడు.

గజేంద్రుడు మొసలితో సుదీర్ఘకాలం తన బలంతోనే పోరాడాడు. బలం ఉడిగిన పిమ్మట తనవల్ల కాదని గ్రహించి పిలిచాడు. ఆ పిలుపే అతనిని గట్టెక్కించింది. వ్యసనపరుడు కూడా 'నావల్ల కావడం లేదు' అని చెప్పగలిగిన రోజునే అతని మోక్షం మొదలవుతుంది. ఆ పిలుపు విని రావలసినవారిలో భగవంతునితో పాటు వైద్యుడూ ఉన్నాడు.

దుకాణం మూసినంత మాత్రాన

మౌసల పర్వంలో ఒక ఘట్టం ఉన్నది. యాదవులకు మునిశాపం కలిగిన తరువాత ద్వారకలో మద్యం తయారు చేయరాదని, చేసినవారికి మరణదండన తప్పదని చాటింపు వేయించారు. నగరమంతా భయపడి మానింది. కానీ ప్రభాస తీర్థానికి వెళ్ళినప్పుడు మళ్ళీ తాగారు. ఆ మత్తులోనే ఒకరినొకరు చంపుకొని నశించారు.

మన తరంలోనూ ఒక మహోద్యమం నడిచింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం దగ్గర కూర్చున్న పేద మహిళలు 1992లో సారాపై తిరగబడ్డారు. వర్ధినేని రోశమ్మ పేరు ఊరూరా వినిపించింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని సడలించారు. ఆ తల్లుల పోరాటం చిన్నది కాదు. కానీ దుకాణం మూతపడినా, తెరుచుకున్నా, అప్పటికే దేహంలో వ్యసనం పాతుకుపోయినవానికి చికిత్స ఎవరు చేయించారు?

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు జరిపిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2019లో వెలువడ్డాయి. మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో ప్రతి 38 మందిలో ఒకరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతున్నదని అందులో తేలింది. ఆసుపత్రిలో ఉండి చికిత్స పొందగలిగినది ప్రతి 180 మందిలో ఒక్కరే. మిగిలినవారిలో ఎందరు ఒట్టు కోసం మా గుడి మెట్లు ఎక్కి దిగారో అమ్మవారికే తెలియాలి.

కేంద్రంలో ఉండి పొందే చికిత్స

వ్యసన విముక్తి కేంద్రం అనగానే మన ఇళ్ళలో పిచ్చాసుపత్రి అనే భయం, నలుగురూ ఏమనుకుంటారో అనే సిగ్గు కలుగుతాయి. నిజానికి అక్కడ జరిగేది ఇది. మొదటి వారం, పది రోజులు దేహాన్ని మత్తు నుండి సురక్షితంగా దించుతారు. వణుకు, ఫిట్స్ రాకుండా వైద్యుని పర్యవేక్షణలో మందులు ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తారు. చాలా కాలం తాగినవారిలో లోపించే థయామిన్ అనే విటమినును ఇస్తారు. అది లేకపోతే మెదడుకు శాశ్వత నష్టం కలుగవచ్చు.

దేహం కుదుటపడ్డాక మనస్సు పని మొదలవుతుంది. దానికి మరికొన్ని వారాలు పడుతుంది. నియమిత వేళకు లేవడం, వ్యాయామం, వేళకు భోజనం, కౌన్సెలింగ్, తనవంటివారితో కూర్చొని దాపరికం లేకుండా మాట్లాడటం, ఏ వేళ, ఏ స్నేహం, ఏ దుఃఖం తనను తాగుడు వైపు లాగుతున్నదో గుర్తించడం ఇందులోని అంగాలు. కుటుంబ సభ్యులను కూడా పిలిచి మాట్లాడతారు. మద్రాసులో శాంతి రంగనాథన్ గారు తాగుడు వ్యసనం వల్ల భర్తను పోగొట్టుకొని, ఆయన పేరిట 1980లో టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్‌ను స్థాపించారు. తన ఇంటి దుఃఖం పరుల ఇంటికి రాకూడదని ఆమె పూనిన ఆ వ్రతం ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది.

మన నగరంలో ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ఈ వైద్యం అందుతుంది. వ్యసన విముక్తి కోసం కేంద్ర ప్రభుత్వపు ఉచిత సహాయ వాణి 14446. మానసిక ఆరోగ్య సలహాకు 2022లో ప్రారంభమైన టెలి మానస్ సంఖ్య 14416. తాగుడు మానినవారే కూడి ఒకరికొకరు అండగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో మొదలై మన నగరానికీ వచ్చింది. వారి సమావేశాలకు రుసుము లేదు.

రెండు హెచ్చరికలు చేయకుండా ఉండలేను. కేంద్రమని బోర్డు ఉన్న ప్రతిచోటా వైద్యం ఉండదు. అక్కడ వైద్యుడు ఉన్నాడా, మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ప్రభుత్వం వద్ద నమోదయిందా, ఇంటివారు వచ్చి చూడనిస్తారా అని అడిగి తెలుసుకోండి. సంకెలలు వేసే చోటికి, కొట్టే చోటికి మీవారిని పంపకండి. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న దర్గా సమీపంలోని ఒక ఆశ్రయంలో మంటలు చెలరేగినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన కారణంగా తప్పించుకోలేక 28 మంది మానసిక రోగులు ఆహుతయ్యారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక వికారాలు కూడా ఆ చట్టం పరిధిలోనివే.

రెండవది, "తాగేవారికి తెలియకుండా కూరలో కలపండి" అని అమ్మే మందులు. అటువంటి వాటిలో డైసల్ఫిరాం వంటి ఔషధం ఉంటే, తెలియక పైన మద్యం తాగిన మనిషికి రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అది వైద్యుడు రోగికి చెప్పి, అతని అంగీకారంతో ఇవ్వవలసిన మందు.

మాల తీసిన మరునాడు

మండల దీక్ష 41 రోజులూ చుక్క ముట్టనివారు, మాల తీసిన సాయంత్రమే దుకాణానికి వెళ్ళడం మనం చూస్తుంటాము. దీక్షలో అతనిని నిలబెట్టినవి భక్తితో పాటు చన్నీటి స్నానం, వేళ తప్పని పూజ, గురుస్వామి కనుసన్న, తోటి స్వాముల సాంగత్యం. మాలతో పాటు అవన్నీ ఒక్కసారిగా పోతాయి. చికిత్సా కేంద్రం నుండి ఇంటికి వచ్చిన మనిషి పరిస్థితీ అదే. అక్కడ పొందినది ఇక్కడ నిలవాలంటే ఇల్లు, వీధి, గుడి మూడూ మారాలి.

ఇంటివారు అతని జేబులు తడమడం, ముఖం దగ్గర వాసన చూడడం మానాలి. మందులు, వైద్యుని దగ్గరకు వెళ్ళవలసిన తేదీలు మరువకుండా చూడాలి. బంధువులు పెండ్లిలో "ఒక్క గ్లాసుకేమవుతుంది" అనకూడదు. ఒకవేళ జారిపడినా 'ఇంతేలే, బాగుపడడు' అని వదిలివేయరాదు. మధుమేహం, రక్తపోటు మళ్ళీ పెరిగితే వైద్యుని దగ్గరకు వెళ్తాము గాని, రోగిని వెలివేయము కదా. ఇదీ అట్టిదే.

బోనాల నాడు "అమ్మవారికే కల్లు సాక పోస్తాం, మనం తాగితే తప్పా" అని యువకులు నన్ను అడుగుతారు. అమ్మవారికి సమర్పించినది ఆమెది. ఆమె పేరు చెప్పి మన ఆశను తీర్చుకోవడం నైవేద్యం కాజాలదు. పైగా చికిత్స పొంది వచ్చిన బిడ్డ ఆ ఊరేగింపులోనే నడుస్తుంటాడు. అతని చేతికి గ్లాసు అందించేవాడు అమ్మవారి సేవకుడు ఎలా అవుతాడు?

నేను మొదట చెప్పిన ఆటో డ్రైవరు ఆసుపత్రి నుండి చికిత్సా కేంద్రానికి వెళ్ళి, నెల రోజులుండి ఇంటికి వచ్చాడు. ఏడు నెలలు నిలబడ్డాడు. మేనల్లుని పెండ్లిలో మళ్ళీ తాగాడు. సిగ్గుతో గుడి వైపు రావడం మానివేస్తే, నేనే వారి ఇంటికి వెళ్ళాను. ఆయన మళ్ళీ ఒట్టు పెడతానన్నాడు. వద్దన్నాను. ఇద్దరం కలిసి వైద్యుని దగ్గరకు వెళ్ళాము. ఇప్పుడు శుక్రవారాలు తెల్లవారుజామున వచ్చి దీపపు సెమ్మెలు తోమి వెళ్తాడు. నేను తీర్థమిస్తూ అడిగేది, "మందులు వేసుకుంటున్నావా?" అని. ఒక్కో వారం అవునంటాడు, ఒక్కో వారం మాట్లాడకుండా నిలబడతాడు. మాట్లాడని వారం మధ్యాహ్నం నేను వారి ఇంటి వైపు వెళ్తాను.

తల్లులారా, మీ ఇంట ఈ బాధ ఉంటే మీరు తప్పక గుడికి రండి. దీపం పెట్టండి. మీవారి చేత ఒట్టు కూడా పెట్టించుకోండి, అయితే ఆ ఒట్టు 'తాగను' అని మాత్రమే కాకుండా 'వైద్యుని దగ్గరకు వస్తాను' అని ఉండనీయండి. ఎన్నేండ్లుగా తాగుతున్నాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో వైద్యునికి దాచకుండా చెప్పండి. మానిన రెండు, మూడు రోజులలో వణుకు, ఫిట్స్, మతి తప్పడం కనిపిస్తే ఏ పూజారి కోసమూ ఆగకండి. ఆ పూజారి నేనైనా సరే, ముందు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అర్చన తరువాత చేసుకోవచ్చు. అమ్మ వేచి ఉంటుంది.